ఉద్ది కుదిరిన ఆట: చెక్కభజన, కోలాటముల ముచ్చట

కోలాటంలో ఎదురెదురుగా నిలిచి కోల కలిపే జంటను ఉద్ది అంటారు. సరిజోడు అని ఆ మాటకు అర్థం. ఒడ్డూ పొడుగులో, ఒడుపులో సరితూగినవారినే గురువు ఉద్దిగా నిలుపుతాడు. అయితే ఆట మొదలయ్యాక ఆ ఉద్ది నిలవదు. లోవరుస ఒకవైపు, వెలివరుస మరొకవైపు తిరుగుతాయి. పదహారుమంది రెండు వలయాలుగా ఆడితే, పాట ముగిసేలోగా లోపలివాడు వెలుపలి ఎనమండుగురితోనూ కోల కలపవలసిందే. ఇష్టుడనీ, అయిష్టుడనీ ఎంచుకొనే వీలు అక్కడ లేదు. ఈ ఆటలోని ఆకర్షణకు మూలం ఇదేనని నా అభిప్రాయం.

ఆట ప్రాచీనమైనది. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 13వ శతాబ్దిలో రచించిన 'నృత్తరత్నావళి' దేశినృత్తాలలో దండరాసకాన్ని పేర్కొన్నది. చేతికోలలు లయానుసారం తాకించే ఆట అది. ఆ సంస్కృత గ్రంథాన్ని తెనిగించినవారు మన అనంతపురం సీమవారే అయిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. హంపీలోని మహర్నవమి దిబ్బ మీద కోలలు పట్టి ఆడే స్త్రీలను శిల్పులు మలచి ఉంచారు. రాజాస్థానాలలో ఇది స్త్రీల ఆటగా కనిపిస్తే, మన పల్లెలలో నిన్నమొన్నటి దాకా పురుషుల ఆటగానే సాగింది. శాస్త్రగ్రంథం నుండి పల్లెకు దిగిందా, పల్లె నుండే శాస్త్రానికి ఎక్కిందా? దేశి అన్న పేరే రెండవదానికి సాక్ష్యం పలుకుతున్నది.

చెక్కభజన దీనికి తోబుట్టువు. సీమ పల్లెలలో దానికే మోజు ఎక్కువ. హరిదాసు చేతి చిడతలకు అన్నగారి వంటివి ఈ చెక్కలు. రెండు కొయ్యబద్దలు, వాటి నడుమ లోహపు బిళ్లలు. బొటనవేలికి ఒకటి, తక్కిన వేళ్లకు ఒకటి తగిలించి మూసి తెరిస్తే టపటపతో పాటు గలగల వినిపిస్తుంది. కాళ్లకు గజ్జెలు. గురువు నడుమ నిలిచి రామకథో, కృష్ణకథో ఎత్తుకొంటాడు. చుట్టూ ఉన్నవారు పల్లవి అందుకొంటారు. మొదట విలంబంగా సాగిన అడుగు క్రమంగా వేగం పుంజుకొంటుంది. కూర్చోవడం, లేవడం, గిరుక్కున తిరగడం, ఎదుటివాని స్థానంలోకి దూకడం, అన్నీ తాళం తప్పకుండానే. గురువు కన్ను ఎప్పుడూ కాళ్ల మీదే ఉంటుంది. కాళ్లలో చేవ ఉన్నదని తోచగానే పాటను దుడుకు చేస్తాడు. ఆడేవారు ఆయనను లాగుతారు, ఆయన వారిని లాగుతాడు. చూసినవారికే తెలియాలి ఆ సొగసు!

దీనికి కాలం కూడ కలిసివచ్చింది. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే మెట్టసీమ మనది. ఏరువాకకు వేసిన వేరుశనక కార్తీకం నాటికి ఇంటికి చేరితే, తరువాత నెలల తరబడి చేనిలో పని లేదు. ఆ ఖాళీ రాత్రులలోనే రామాలయం ముందు అడుగులు నేర్చేవారు. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు, చైత్రంలో శ్రీరామనవమి. నేర్చిన విద్యను పదిమందిలో చూపడానికి అంతకన్న అదను లేదు. పండని ఏడు కూడ భజన ఆగేది కాదు. దానికి పెట్టుబడి కొయ్యముక్కలే కదా.

శ్రమజీవుల జంట ఆటకు ఇటువంటి మహిమ ఉండడం మన దేశానికే పరిమితం కాదు. న్యూయార్కు నగరంలో నల్లజాతివారి పేట హార్లెం. అక్కడ 1926లో సవాయ్ అనే నాట్యశాల వెలసింది. స్వింగ్ సంగీతానికి జంటలుగా ఆడే 'లిండీ హాప్' అక్కడే వన్నెకెక్కింది. 1927లో అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గ్ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చిందని ప్రతీతి. పరుల ఇండ్లలో వంటావార్పూ చేసే స్త్రీలకు గురువారం సాయంత్రం సెలవు. ఆ రాత్రి సవాయ్ వారిదే. వాద్యగాళ్లు ఆడేవారి పాదాలను చూస్తూ వాయించేవారు, మన భజనగురువు వలెనే. అదే పేటలోని కాటన్ క్లబ్బులో ఆడిపాడేవారు నల్లవారు, కూర్చుని చూసేవారు తెల్లవారు. సవాయ్‌లో మాత్రం ఇరువురూ ఒకే నేల మీద కలిసి ఆడారు. 1958లో అది మూతపడింది.

ఆ సవాయ్ నేలను తలచుకొన్నప్పుడు మన రామాలయం ముంగిలిని గురించి ఒక మాట చెప్పక తప్పదు. వలయంలో అందరూ సమానులని మురిసిపోతాం. వలయంలోనికి ఎవరిని రానిచ్చారన్నది అడగము. ఊరి భజన ఊరిది, వాడ భజన వాడది. అవే చెక్కలు, అదే రాముడు, అవే అడుగులు. వలయాలు మాత్రం రెండు. సరిజోడును వెదికే ఆటలో సరిజోడు ఎవరో ఆటకు ముందే తేలిపోయి ఉండేది. జానపద కళల గురించి వ్రాసే పెద్దలు దీనిని ఎక్కువగా దాటవేస్తారు. అది సరికాదు.

తరువాత బోరుబావులు వచ్చాయి, టీవీలు వచ్చాయి, అన్నిటికీ మించి బెంగుళూరు వలస వచ్చింది. పదహారుమంది పడుచువాళ్లు నాలుగు నెలలు ఒకే ఊళ్లో ఉండడమే గగనమైతే వలయం ఎక్కడ కడతారు? చెక్కభజన పలచబడింది.

ఇప్పుడు కోలలు మళ్లీ స్త్రీల చేతికి వచ్చాయి. తిరుమల బ్రహ్మోత్సవాలలో వాహనసేవల ముందు ఊరూరి మహిళా బృందాలు ఒకే రంగు చీరలలో ఆడుతున్నాయి. హంపీ శిల్పాల నాటి ఆటే మరల లేచివచ్చినట్లున్నది. నాకున్న అసంతృప్తి ఒక్కటే. పెక్కుచోట్ల పాట ముందే అచ్చుపోసి లౌడుస్పీకరులో వస్తున్నది. అది ఎవరి కాళ్లనూ చూడదు, ఎవరికోసమూ వేగం పెంచదు. కోల చప్పుడు ఆ హోరులో వినబడదు కూడ. అయినా మొన్న ఒక ఊరేగింపులో కరెంటు పోయి పెట్టె మూగబోయింది. ముందువరుసలోని ఒక పెద్దావిడ తానే గొంతెత్తి పల్లవి అందుకొన్నది. అప్పటికి వినిపించాయి కోలలు.