తొమ్మిది రెట్ల వరుస

మెట్రో ఎర్రగడ్డ దాటింది. మీరు తలుపు పక్క కమ్మీకి ఆనుకుని ఫోన్‌లో స్క్రాబుల్ బోర్డు చూస్తున్నారు. చేతిలో ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, టీ. పిలవని పేరంటానికి వచ్చినట్టు ఏడోది క్యూ.

క్యూని పక్కన పెడితే మిగతా ఆరూ కలిపి రెటీనా. అలవాటున్నవాళ్లు వీటిని విడదీయరు. సీ వస్తే సర్టెన్, పీ వస్తే పెయింటర్, ఎమ్ వస్తే మినారెట్ (చార్మినార్ ఊళ్లో ఆ మాట వేయడం ఓ ముచ్చట). ఏడూ ఒకేసారి దింపితే 50 బోనస్. క్యూని మార్చుకుంటే వంతు పోతుంది. అయితే బోర్డు మీద ఓ ఐ ఒంటరిగా ఉంది, దాని ఎడమ గడి అక్షరానికి మూడింతలు. క్యూ ఒక్కటీ అక్కడ పెట్టారు. చైనావాళ్ల ప్రాణశక్తి, చీ. 31 పాయింట్లు. సంచిలోంచి జీ వచ్చింది.

అర్థం తెలుసు కాబట్టే వేశారు. చెప్పలేని మాట వేయకూడదని మీకు మీరే పెట్టుకున్న కట్టుబాటు. షఫుల్ బటన్ కూడా ముట్టరు, అక్షరాలు మనసులోనే తిప్పుకోవాలి. ఎస్ వేస్తే కనీసం ఎనిమిది పాయింట్లు అదనంగా రావాలి. వంద టైల్స్‌లో ఎస్‌లు నాలుగే మరి. 1930లలో ఉద్యోగం పోయిన న్యూయార్క్ ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల్లో అక్షరాలు లెక్కపెట్టి ఏది ఎన్ని ఉండాలో తేల్చాడు, ఎస్ దగ్గర మాత్రం పిసినారితనం చూపించాడు. పోటీల్లో అర్థంతో పనిలేకుండా రెండక్షరాల ముక్కలు బట్టీ పట్టాల్సిందే, తప్పు లేదు. మెట్రోలో అలా ఆడితే మాత్రం ఆట చప్పగా ఉంటుంది.

ఎస్సార్ నగర్‌లో అవతలి మనిషి జవాబు వచ్చింది. నిలువుగా దిగిన మాట, చివర ఎస్. అది కూర్చున్నది అట్టడుగు వరుసలో, చివరి గడికి ముందు గడిలో! ఆ వరుస నడిమి గడి, చివరి గడి రెండూ మాటకి మూడింతలు. ఎనిమిదక్షరాల మాటతో రెండూ కలిపితే తొమ్మిది రెట్లు. గ్రానైట్స్? ఎస్ ఎనిమిదోది, కుదరదు. ఏడోది కావాలి.

రేంజియెస్ట్. వేలితో లాగి పెడితే మూలన 140 కనబడింది: అక్షరాలకి తొమ్మిది, ఐ కింది రెండింతల గడికి ఇంకొకటి, ఆ పదికి తొమ్మిది రెట్లు, పైన బోనస్. అంతా బాగుంది. కానీ రేంజీ అంటే ఏంటి? కొండల వరుసకేమైనా సంబంధమా, పొడుగు కాళ్ల గుర్రమా? తెలీదు. టైల్స్ వెనక్కి తీసేశారు.

అమీర్‌పేట. తలుపు తెరుచుకోగానే జనం మీద పడ్డారు, ఎవరిదో బ్యాగు మోచేతిని నొక్కుతోంది. షఫుల్ బటన్ బొటనవేలికి అంగుళం దూరంలో ఉంది. ముట్టరు. చివర ఐ, ఈ, ఎస్, టీ ఖాయం. ముందుకి ఏ, ఎన్, జీ, ఆర్ మిగిలాయి. గ్రాన్... నార్గ్... మీ కాలు తొక్కిన పెద్దాయన తిరిగి మీ మీదే కళ్లెర్రజేశాడు. సారీ అంకుల్ అన్నారు, మనసులో దండం పెట్టుకున్నారు. యాంగ్రియెస్ట్!

అదే 140. సంచిలోంచి ఏడు కొత్తవి జారాయి: ఐ, ఐ, యూ, యూ, ఓ, ఏ, ఎస్. ఆ ఎస్ తగిలిస్తే బహువచనమయ్యే మాటలు బోర్డు మీద మూడున్నాయి. ఒక్కదానికీ ఎనిమిది అదనంగా రాదు.