ఒకే పుట్టింటి గేర్లు

ప్రొద్దుటూరు బజార్లలో ఒకప్పుడు హోదా చాటిన అంబాసిడర్‌కూ, ఇంగ్లండు కుర్రకారు మోజుపడ్డ ఎంజీఏ స్పోర్ట్స్ కారుకూ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు. కానీ 1955లో వచ్చిన ఎంజీఏలోనూ, 1950ల చివరి నుంచి అంబాసిడర్‌లోనూ ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ 1489 సీసీ బి-సిరీస్ ఇంజనే. నాలుగు గేర్ల పెట్టెదీ ఆ వంశమే. రెండింటిలోనూ ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ లేదు. పాత గేరు వేస్తేనే అసలైన డ్రైవింగ్ అన్న వాదం ఎంతవరకు నిలుస్తుందో ఈ జంటే చెబుతుంది.

వేర్వేరు వేగాలతో తిరిగే గేరునూ షాఫ్టునూ రింగు రాపిడితో ఒకే వేగానికి తెచ్చి, ఆ తర్వాతే పళ్లు కలిపేది సింక్రోమెష్. 1928లోనే కాడిలాక్ కార్లలో వచ్చింది. అయినా ఫస్ట్ గేరుకు చాలాకాలం దక్కలేదు. ఆగిన బండిని కదిలించడానికే కదా అనుకొని ఖర్చు మిగుల్చుకున్నారు. జమ్మలమడుగు నుంచి నిండా జనంతో గండికోట ఎక్కే బండి దగ్గర ఆ లెక్క తప్పుతుంది. సెకండ్‌లో ఊపు తగ్గితే, బండి ఆగకముందే ఫస్ట్‌కు రావాలి. అందుకు డబుల్ క్లచ్ తొక్కాలి, అంటే న్యూట్రల్‌కు ఒకసారి, మధ్యలో యాక్సిలరేటరు ఇచ్చి గేరుకు మరోసారి. లేకుంటే పళ్లు గరగరమంటాయి. యంత్రం చేయాల్సిన పని డ్రైవరు కాళ్ల మీద పడిందన్నమాట. అది డ్రైవరు పనితనమే గానీ గేర్‌బాక్సు గొప్పతనం కాదు.

మరి ఎంజీఏ గేరు చేతికి అంత హాయి అంటారేం? ఆ హాయి పొట్టి లివర్‌ది. అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కనున్న గేరు లివరుకూ పెట్టెకూ మధ్యలో కడ్డీలు, కీళ్లు, బుష్‌లు ఉన్నాయి. అవి అరిగేకొద్దీ గేరు ఎక్కడ పడుతుందో చేతికి అందదు. ఎంజీఏ తర్వాత వచ్చిన ఎంజీబీకి 1967లో నాలుగు గేర్లకూ సింక్రోమెష్ పెట్టారు. అంతమాత్రాన అది స్పోర్ట్స్ కారు కాకుండా పోలేదు. 1990ల్లో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్‌కూ అయిదు గేర్లు, నేల మీది లివరు అమరాయి.

పాత పెట్టెను ఊరి మెకానిక్కే విప్పి బాగుచేస్తాడన్నది బలమైన మాటే. కానీ అది రిపేరు సులువు, నడపడంలో మేలు కాదు. పులివెందులలో ఇవాళ కొత్తగా లైసెన్సు తీసుకున్న టీచరమ్మ డబుల్ క్లచ్ ఊసే లేకుండా కారు తోలుతోందంటే, ఆ ధైర్యంలో సింక్రోమెష్‌కూ వాటా ఉంది. పాత కార్లను ప్రేమించేవారు లివర్‌కూ పళ్లకూ వేర్వేరుగా మార్కులు వేస్తే, పొగడ్త చేరాల్సినచోటికే చేరుతుంది.