రెండు పూటల ఆకలి లెక్క: హైదరాబాద్ మోర్మన్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక బిర్యానీతో మొదలవుతుంది.

నేను మాదాపూర్‌లో జాబ్ చేసేటప్పుడు ఒక ఆదివారం రిలీజ్ పడింది. టీమ్ అంతా ఆఫీసులోనే. బిర్యానీ వచ్చింది, ఒక కొలీగ్ మాత్రం ముట్టుకోలేదు. డైటింగా అని అడిగితే, "కాదు బ్రో, నెలలో ఫస్ట్ సండే, ఉపవాసం" అన్నాడు. ఏకాదశి తెలుసు, రంజాన్ తెలుసు. ఇదేంటి కొత్తగా? అతను మోర్మన్ అని ఆరోజే తెలిసింది.

మోర్మన్ అనేది వాడుక పేరు. అసలు పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టాడు. మన హైదరాబాద్‌కి మాత్రం ఇది సమోవా దీవుల మీదుగా వచ్చింది! ఎడ్విన్ ధర్మరాజు గారు కీటక శాస్త్రవేత్త, అక్కడ ఉద్యోగం చేసేవారు. ఆయన, భార్య ఎల్సీ గారు అక్కడే ఈ సంఘంలో చేరారు. 1978 చివర్లో చర్చి వాళ్లనే మిషనరీలుగా సొంతూరికి పంపింది. బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 2012కి హైదరాబాద్‌లో 'స్టేక్' ఏర్పడింది, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన జిల్లా లాంటిది. దేశంలో అదే మొదటిది.

ఎల్సీ గారి నాన్న బాప్టిస్టు పాస్టర్. ఇక్కడ ఒక చిన్న పక్కదారి. సరిగ్గా వందేళ్ల ముందు, 1876–78 కరువులో, ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్ట్ తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. కానీ కరువు ఉన్నన్నాళ్లు బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతంలోకి రావద్దని. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది! సాయానికి, విశ్వాసానికి మధ్య గీత ఎక్కడ గీయాలన్న గొడవ మన నేలలో అంత పాతది.

సరే, మోర్మన్ల దగ్గరికి వద్దాం. వాళ్లు నెలకోసారి వరసగా రెండు పూటలు తినరు, నీళ్లు కూడా తాగరు. ఆ భోజనాల ఖర్చు, వీలైతే ఇంకా ఎక్కువ, పేదల కోసం ఇస్తారు. దశమభాగం దీనికి వేరు. ఆ డబ్బుతో బిషప్ సభ్యుల్లో ఎవరి అద్దె కట్టాలో, ఎవరి మందులు కొనాలో చూస్తాడు. ఆ బిషప్‌కి జీతం లేదు. పొద్దున మనలాగే ఉద్యోగానికి పోయే మనిషి. ఎవరికి సాయం చేశాడో బయటికి చెప్పడు. తీసుకున్నవాళ్లని చేతనైన పని ఏదైనా చేయమంటారు. 1936లో, అమెరికా ఆర్థిక మాంద్యంలో పెట్టిన పద్ధతి ఇది. మన ఐటీ కంపెనీల 2 శాతం సీఎస్ఆర్‌లో డబ్బు పోతుంది గానీ ఎవరి కడుపూ కాలదు. అందుకే నాకిది నచ్చింది.

కానీ నచ్చని సంగతి కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో అమెరికా మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ ఈ చర్చికి, దాని పెట్టుబడుల సంస్థ ఎన్‌సైన్ పీక్‌కి కలిపి 50 లక్షల డాలర్ల పెనాల్టీ వేసింది. కారణం, 2018కల్లా దాదాపు 3,200 కోట్ల డాలర్లకు చేరిన షేర్లని 13 షెల్ కంపెనీల పేర్ల మీద చూపించడం. బయటపడితే చెడ్డ ఫలితాలు వస్తాయని చర్చి భయపడిందని ఎస్ఈసీ రాసింది. తప్పులు జరిగాయని, విచారిస్తున్నామని చర్చి ప్రకటన ఇచ్చింది. పేదవాడి పేరు దాచడం మర్యాద. పోర్ట్‌ఫోలియో దాచడం? ఒక ఫ్యామిలీ ఇక్కడ బిర్యానీ మానేసి డబ్బు ఇస్తుంటే, అక్కడ ఎంత ఉందో వాళ్లకి తెలియొద్దా?

ఇది ఆ కొలీగ్‌నే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "కోపం వచ్చింది బ్రో. ఆ నెల ఇవ్వాలా వద్దా అనుకున్నా. కానీ మా సంఘంలో ఎవరో ఒకరికి అద్దె కట్టాల్సి ఉంటుంది కదా" అన్నాడు. ఇచ్చాడట. హెడ్‌క్వార్టర్స్‌కి ఒక మెయిల్ కూడా పెట్టాడట. రిప్లై వచ్చిందా అని నేను అడగలేదు.