కొత్తగూడెం గనులలో చేతి విద్య: ఒక చారిత్రక పరిశీలన

ఇల్లందు ప్రాంతంలో పెద్దలు నేటికీ చెప్పుకొనే కథ ఒకటి ఉంది. భద్రాచలం నడిచిపోతున్న యాత్రికులు కొందరు దారిలో మజిలీ చేసి, దొరికిన నల్లరాళ్లను పొయ్యిగా పేర్చి వంట మొదలుపెట్టారట. కట్టెలతో పాటు పొయ్యిరాళ్లు కూడా రాజుకొన్నాయట. ఆ వింత నోట నోట పాకి అధికారుల చెవిన పడింది. కథను కథగానే ఉంచినా, భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొన్న మాట చరిత్ర. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అది నిజాం ప్రభుత్వపు చేతికి వచ్చింది. గనులు కొత్తగూడేనికీ, బెల్లంపల్లికీ, మరికొంత కాలానికి రామగుండం, గోదావరిఖని ప్రాంతాలకూ విస్తరించాయి. సంస్థ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. ఇక్కడి బొగ్గు పొరలలో ముఖ్యమైనదాన్ని కింగ్ సీమ్ అంటారు. అది ఏ రాజు పేరూ కాదు, ఆ డాక్టర్ కింగ్ పేరే. దానికి జోడుగా మరొక పొరకు క్వీన్ సీమ్ అని పేరు పెట్టడం మాత్రం ఎవరి చమత్కారమో!

మండిన రాయిని చూసి ఆశ్చర్యపడి మరచిపోయేవారు చాలామంది ఉంటారు. దాన్ని చేతిలోకి తీసుకొని, విరిచి, మళ్లీ నిప్పులో వేసి చూసేవాడు ఒక్కడైనా ఉంటేనే గని పుడుతుంది. ఈ జిజ్ఞాసకు ఇస్లామీయ సంప్రదాయంలో ఉన్న స్థానాన్ని గూర్చి మన విద్యాలయాలలో తగినంత చర్చ జరగలేదనే చెప్పాలి.

దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరాలో ఆదం కుమారుల వృత్తాంతం ఉంది. సోదరుణ్ణి చంపినవానికి ఆ శవాన్ని ఏమి చేయాలో తోచలేదు. అప్పుడు అల్లాహ్ ఒక కాకిని పంపాడు. అది నేలను గీరి చూపింది. భూమిని త్రవ్వే విద్యను ఆ మనిషి నేర్చుకొన్నది ఉపదేశం విని కాదు, కళ్లెదుట జరిగిన పనిని చూసి. బఖరా సూరాలో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) మృతులను ఎలా సజీవులను చేస్తావో చూపుమని తమ ప్రభువును వేడుకొన్నారు. విశ్వాసం లేక కాదు, హృదయం కుదుటపడడానికి. ఆ కోరికకు జవాబుగా పక్షులను చేతబట్టి చేయవలసిన పని ఒకటి ఆయనకు అప్పగించబడింది.

ఈ దృష్టి తర్వాతి శతాబ్దాల పండితులలో ఎలా పనిచేసిందో చూడడానికి అబూ రైహాన్ అల్‌బీరూనీ ఒక్కరు చాలు. మరకతం చూస్తే పాము కళ్లు పోతాయని ఆ కాలంలో అందరూ నమ్మేవారు, గ్రంథాలలో వ్రాసేవారు కూడా. బీరూనీ పాముకు మరకతాల హారం వేశారు, దాని బుట్టలో మరకతాలు పరిచారు. తొమ్మిది నెలల పాటు రకరకాలుగా పరీక్షించి, పాము కళ్లకు ఏమీ కాలేదని రత్నాలను గురించిన తమ గ్రంథంలో నమోదు చేశారు. లోహాలనూ రత్నాలనూ నీటిలో ముంచి, పొర్లిన నీటిని తూచి వాటి సాంద్రతలను లెక్కకట్టినదీ ఆయనే.

గనులకు ఇంకా దగ్గరి ఉదాహరణ బాగ్దాదులో దొరుకుతుంది. తొమ్మిదో శతాబ్దంలో బనూ మూసా అని పేరుబడ్డ ముగ్గురు సోదరులు నూరు దాకా యంత్రాలను వర్ణిస్తూ ఒక గ్రంథం వ్రాశారు. వాటిలో చాలా భాగం విందుల్లో అతిథులను ఆశ్చర్యపరిచే నీటి పాత్రలే. కాని ఒకటి వేరు. చెడుగాలి నిండిన బావిలోకి దిగేవాడు చావకుండా, పైనుంచి తిత్తితో ఊది గొట్టం ద్వారా మంచి గాలి అందించే సాధనం అది. పాడుబడ్డ బావిలోకి దిగే ముందు దీపం దించి చూసే అలవాటున్న మనవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇమామ్ గజాలీ తమ ఇహ్యాలో వైద్యం, గణితం, వ్యవసాయం, నేత వంటివాటిని ఫర్జె కిఫాయాగా లెక్కించారు. అనగా సమాజంలో కొందరైనా నేర్చి తీరవలసిన విద్యలు. ఎవరూ నేర్వకపోతే పాపం అందరిదీ. ఇబ్ను ఖల్దూన్ మరొక అడుగు ముందుకు వేశారు. వృత్తి అనేది మళ్లీ మళ్లీ చేయడం వల్ల మనిషిలో స్థిరపడే నేర్పు అనీ, వినికిడి కంటే కళ్లారా చూసి నేర్చినది గట్టిదనీ పద్నాలుగో శతాబ్దంలోనే వివరించారు. మద్రసాలలో ఈ ఇద్దరి పేర్లూ గౌరవంగా తలుస్తారు. ఈ మాటలు మాత్రం అంతగా తలవరు.

హైదరాబాదు సంస్థానానికి వస్తే, ఆ వారసత్వం పూర్తిగా మరుగున పడలేదు. పందొమ్మిదో శతాబ్దపు పూర్వార్ధంలో నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్ షమ్సుల్ ఉమరా యంత్రశాస్త్రం, ఖగోళం, నీరు, గాలి, కాంతి, విద్యుత్తు అనే ఆరు విషయాల మీద ఉర్దూలో గ్రంథాలు వెలువరింపజేశారు. వాటినే సిత్తయె షమ్సియా అంటారు. 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాఠ్యగ్రంథాలను అనువదించింది. పారిభాషిక పదాల సృష్టికై అక్కడి పండితులు చేసిన కృషి ఏ అనువాదకునికైనా ఆదర్శమే. అయితే ఆ కృషి అంతా కళాశాల విద్యార్థి కోసం. రాజధానిలో పదాలు కూర్చబడుతున్న రోజులలోనే, గనిలో తట్టా చెమ్మాసుతో టబ్బు నింపే తెలుగు కూలీ తన పదాలు తానే కూర్చుకొంటున్నాడు. ఈ రెండు విద్యలూ ఒకే ప్రభుత్వపు నీడలో ఉండి కూడా ఒకదాన్ని ఒకటి పలకరించుకోలేదు.

గని పాఠం ఎలా ఉండేదంటే, కొత్తగా దిగిన కుర్రవాణ్ణి పాతవాని జతలో వేసేవారు. మొదట నేర్వవలసినది పైకప్పును తట్టి చూడడం. ఒక అరచేతిని కప్పుకు ఆనించి, రెండో చేతిలోని కర్రతో తట్టాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిన రాయి డప్పులా బోలుగా పలుకుతుంది, ఆనించిన చేతికి అదురు తగులుతుంది. ఆ తేడాను కాగితం మీద ఎంత వ్రాసినా తెలియదు. కప్పుకు ఆసరాగా నిలిపిన కర్ర దిమ్మె బరువు పెరిగితే కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే పక్కకు తప్పుకోవాలి. ఇనుప ఆసరాలు వచ్చాక ఆ హెచ్చరిక కొంత తగ్గిందని పాతతరం వారు అంటారు.

ఈ చేతి విద్యకు చట్టం కూడా తలవంచింది. గనిలో ఒక భాగానికి బాధ్యుడై, కప్పునూ గాలినీ పరీక్షించి, మనుషులు పని చేయవచ్చునో లేదో తేల్చేవాణ్ణి 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు సర్దార్ అన్నాయి. దర్బారుల్లోని ఫార్సీ మాట ఇంగ్లీషు చట్టంలో చేరి, తెలుగు గనిలో తలపాగా బదులు క్యాప్‌ల్యాంప్ పెట్టుకొన్నది! పరీక్ష వ్రాసేందుకు ముందుగా గనిలో కొన్నేళ్ల అనుభవం చూపాలి. 1966 నాటి వృత్తి శిక్షణ నిబంధనలతో శిక్షణ లేకుండా కొత్తవారిని పనిలో పెట్టే వీలు పోయింది. పాతవారికీ అయిదేళ్లకు మించకుండా పునశ్చరణ తప్పనిసరి అయింది.

అలాగని చేతి విద్య ఒక్కటే చాలునన్నది పొరపాటు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. అదే సంవత్సరం అక్టోబర్ 16న 8ఏ గనిలో కప్పు కూలి మరి 10 మంది పోయారు. తట్టి చూస్తే తెలిసేవి కొన్ని. గోడకు ఆవల నిలిచిన నీరు కర్రకు పలకదు, దానికి సర్వే కావాలి, నకషా కావాలి, లెక్క కావాలి. కొత్తగూడెంలో 1970ల చివర వెలసిన స్కూల్ ఆఫ్ మైన్స్ ఆ లోటు తీర్చడానికే వచ్చింది. అది 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. నేడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనులదే. కప్పే లేని గనిలో పెరిగిన కార్మికునికి కప్పును తట్టే విద్య ఎవరు నేర్పుతారు? పాతవారు పదవీ విరమణ చేసిపోతున్నారు, భూగర్భ గనులు మాత్రం పూర్తిగా పోలేదు.

గ్యాస్ పరీక్ష సంగతి ఒకటి మిగిలింది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం దాకా ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. దాన్ని పసికట్టడానికి నేడు ఎలక్ట్రానిక్ మీటర్లు ఉన్నాయి. అయినా 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన జాలీ దీపపు సంతతిని సర్దార్ అభ్యర్థి చేతికి ఇచ్చి చూసేవారు. వత్తిని బాగా తగ్గించి, కళ్లు చీకటికి అలవాటుపడే దాకా ఆగి, దీపాన్ని మెల్లగా కప్పు దగ్గరకు ఎత్తాలి. మంట మీద లేతనీలి టోపీ ఒకటి కనీకనపడకుండా నిలుస్తుంది. దాని ఎత్తు చూసి గ్యాస్ ఎంత శాతమో అతడు నోటితో చెప్పాలి.