ఎవరి విద్య? ఎవరి చర్మం?

ముఖానికి ఆసిడ్ పూసి, పై పొరను ఊడదీసి, కింద నుంచి కొత్త చర్మం రప్పించడాన్ని కెమికల్ పీల్ అంటారు. మొటిమల మచ్చలకీ, మంగుకీ మన ఊళ్లలోనూ చేస్తున్నారు. ఈ విద్య ఎవరిది?

వైద్య చరిత్ర 1882ని చెబుతుంది. జర్మనీలో, హాంబర్గ్ వైద్యుడు పాల్ గెర్సన్ ఊనా శాలిసిలిక్ ఆసిడ్, ఫినాల్ వంటివి చర్మం మీద ఎలా పనిచేస్తాయో ఆ ఏడు వివరించాడు. తర్వాత 1960ల మొదట్లో మయామీ సర్జన్లు బేకర్, గోర్డన్‌ల ఫినాల్ ఫార్ములా ప్రసిద్ధమైంది. మరి ఈ మధ్య కాలంలో?

లాస్ ఏంజెలెస్‌లో, మయామీలో డాక్టర్లు కానివాళ్లు ఈ పని చేశారు. వారిలో ఆంటోనెట్ లా గాస్సే వంటి స్త్రీలున్నారు. ఫార్ములా వాళ్ల ఇంటి రహస్యం. వైద్యులు వాళ్లను నకిలీలన్నారు, వాళ్ల పద్ధతులను మాత్రం తీసుకున్నారు. ఫార్ములాకి పేరు వైద్యులదే మిగిలింది. అందులోని మూడు చుక్కల క్రోటన్ నూనె మన నేపాళ గింజల నూనే. లోతుగా పనిచేసేది ప్రధానంగా ఆ నూనేనని, ఫినాల్ ఒక్కటే కాదని 2000లో గ్రెగరీ హెట్టర్ చూపించాడు. ఆ అనామక స్త్రీల చరిత్రను తవ్వి తీసిందీ ఆయనే.

అలాగని వాళ్లను ఆకాశానికెత్తనక్కర్లేదు. ఫినాల్ రక్తంలోకి ఇంకి గుండె లయను చెడగొట్టగలదు. అందుకే ఈనాడు గుండెను మానిటర్‌లో గమనిస్తూ, ముఖాన్ని భాగాలుగా చేసి, మధ్యలో ఆగి ఆగి పూస్తారు. రహస్యంగా నడిచే విద్యలో ప్రమాదాలూ రహస్యంగానే ఉండిపోతాయి.

ఇక చర్మం సంగతి. ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చేసిన చర్మ వర్గీకరణ మొదట తెల్లవాళ్లకే. గోధుమ, నలుపు రంగులు తర్వాత చేరాయి. ఫినాల్ మన చర్మం మీద శాశ్వతంగా తెల్లమచ్చలు మిగల్చవచ్చు. గ్లైకోలిక్ ఆసిడ్ మెతకదే అయినా, శాతం పెరిగినా నిమిషాలు ఎక్కువైనా కాలిన చోట నల్లమచ్చ పడుతుంది. దాన్ని సమయానికి తటస్థం చేయాలి. ముందు కొన్ని వారాలు చర్మాన్ని సిద్ధం చేయాలి. తర్వాత ఎండ తగలనివ్వకూడదు.

పీల్ మన పుట్టు రంగును మార్చదు. తెల్లబడతారని చెప్పి అమ్మడం మోసం. కుర్చీలో కూర్చునే ముందు అడుగుదాం: ఏ ఆసిడ్? ఎంత శాతం? ఎన్ని నిమిషాలు? నా రంగు చర్మం మీద మీరెప్పుడైనా చేశారా? జవాబు రాకపోతే లేచి వచ్చేద్దాం.