జీవిత భాగస్వామి మరణిస్తే వీసా ఏమవుతుంది?

సారం (పుదుచ్చేరి): విదేశంలో భర్త కన్నుమూస్తే భౌతికకాయంతో పాటు భార్య స్వదేశానికి రావడం మన కుటుంబాల్లో ఆనవాయితీ. అంత్యక్రియలు ముగిశాక ఆమె తిరిగి వెళ్లవలసి వస్తే, విమానాశ్రయంలోని ఇమ్మిగ్రేషన్ అధికారి మొదట అడిగేది ఏ హోదాతో ప్రవేశిస్తున్నారని. ఆ హోదా భర్త పేరుతో ముడిపడినదైతే, ఆయన మరణంతో దానికి మూలమే లేకుండా పోతుంది.

తెలుగువారికి ఈ చిక్కు సునయన దుమాల ఉదంతంతో తెలిసివచ్చింది. ఆమె భర్త, హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్ (32) 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేథేలో జాతి విద్వేషంతో జరిగిన కాల్పుల్లో మరణించారు. ఆయన గార్మిన్ సంస్థలో హెచ్-1బీ వీసాపై పనిచేసేవారు. ఆమె నివాస హోదా ఆయన ఉద్యోగ వీసాపైనే ఆధారపడి ఉండేది. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో అంత్యక్రియలు జరిగాయి. భర్తతో పాటు హోదానూ కోల్పోయిన ఆమె తిరిగి అమెరికా వెళ్లగలరా అన్నది ప్రశ్నార్థకమైంది. కాన్సస్ నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ జోక్యం చేసుకున్న తర్వాత ఆమెకు తాత్కాలికంగా పనిచేసేందుకు అనుమతి లభించింది. ఆమె వ్యథ దేశమంతటా చర్చకు రాబట్టి దారి దొరికింది. పేరు పత్రికల్లోకి ఎక్కని వారికి అలాంటి అండ దొరకడం కష్టం.

వీసా ముద్రపై గడువు తేదీ ఇంకా మిగిలి ఉండవచ్చు. అయినా హెచ్-1బీ ఉద్యోగి మరణిస్తే ఆయనపై ఆధారపడిన హెచ్-4 హోదాకు ప్రాతిపదిక పోతుంది. మరణాన్ని దాచి పాత ముద్రతో ప్రవేశించడానికి ప్రయత్నిస్తే అది తప్పుడు సమాచారం ఇవ్వడం కిందకు రావచ్చు. అదే జరిగితే అమెరికాలో ప్రవేశానికి శాశ్వత అనర్హత వర్తించే ప్రమాదం ఉంది. నిజం చెప్పిన వారి విషయంలో అధికారికి విచక్షణ ఉంటుంది. మానవతా కారణాలతో తాత్కాలికంగా అనుమతించవచ్చు, ప్రవేశ అభ్యర్థనను ఉపసంహరించుకునే అవకాశం ఇవ్వవచ్చు. తక్షణ బహిష్కరణకు ఆదేశిస్తే మాత్రం సాధారణంగా ఐదేళ్ల నిషేధం పడుతుంది. అందుకే బయలుదేరే ముందే కాన్సులేట్‌కు విషయం తెలిపి, తగిన వీసా తీసుకోవడం మేలు.

అమెరికా పౌరులను పెళ్లాడిన వారి పరిస్థితి వేరు. పెళ్లయిన రెండేళ్లలోపే పౌర భాగస్వామి మరణిస్తే ఒకప్పుడు వారి దరఖాస్తు కూడా అంతటితో ఆగిపోయేది. దీన్ని ‘వితంతు శిక్ష’ అని విమర్శించేవారు. 2009 అక్టోబరు 28న వచ్చిన చట్టం ఈ నిబంధనను తొలగించింది. మరణించిన నాటి నుంచి రెండేళ్లలోగా, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే, భార్యగానీ భర్తగానీ సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు దరఖాస్తుల్లోని కుటుంబ సభ్యులకూ అదే చట్టంలో కొంత రక్షణ ఉంది. అయితే మరణ సమయంలో వారు అమెరికాలో నివసిస్తూ ఉండాలి, ఆ తర్వాతా అక్కడే నివాసం కొనసాగించాలి. గ్రీన్‌కార్డుల కోసం భారతీయులు ఏళ్ల తరబడి నిరీక్షించాల్సి రావడంతో ఈ రక్షణ ఉన్నా తక్షణ ఊరట తక్కువే.

‘డిపెండెంట్’ను తెలుగులో ‘ఆధారితురాలు’ అంటున్నాం. ఆధారం అంటే మనకు ఊత, రుజువు రెండూ. కౌంటర్ వద్ద నిలబడిన భార్యకు ఒకే మరణంతో ఈ రెండూ కరవవుతున్నాయి.

పుదుచ్చేరిలో ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. 1956లో కుదిరిన విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఫ్రెంచ్ పౌరసత్వం నిలుపుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఇక్కడ ఉన్నాయి. ఫ్రాన్స్ పౌరుడిని పెళ్లాడి, ఆ హోదాతో ఫ్రాన్స్‌లో నివాస కార్డు పొందిన విదేశీ భార్యకు అక్కడి చట్టం కొంత భరోసా ఇస్తుంది. వివాహ బంధం ముగియడానికి భర్త మరణమే కారణమైతే, దాన్ని ఆమెకు వ్యతిరేకంగా వాడరాదని ఆ చట్టం చెబుతోంది. ఇంత స్పష్టత అన్ని దేశాల్లో లేదు.

మన దేశంలోనూ లేదు. భారతీయుడిని పెళ్లాడిన విదేశీయురాలు ఓసీఐ కార్డు కోరాలంటే వివాహం నమోదై ఉండాలి, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు నిరంతరంగా కొనసాగి ఉండాలి. పౌరసత్వ చట్టం సెక్షన్ 7ఏ ఈ షరతు విధిస్తోంది. ఆ రెండేళ్లు నిండకముందే భర్త మరణిస్తే ఈ మార్గంలో అర్హత సంపాదించడం కష్టం. ఇప్పటికే కార్డు ఉన్నవారి విషయంలో, వివాహం ‘న్యాయస్థానం ద్వారా లేదా ఇతరత్రా’ రద్దయితే కార్డును రద్దు చేయవచ్చని సెక్షన్ 7డీ చెబుతోంది. ‘ఇతరత్రా’ అన్న మాటలో మరణం కూడా చేరుతుందా అన్నది చట్టం విడమరచి చెప్పలేదు. ఆ ఒక్క మాట అర్థం మీదే ఒక కుటుంబం కలిసి ఉండడమో, విడిపోవడమో ఆధారపడవచ్చు.

ప్రయాణానికి ముందు మరణ ధ్రువపత్రం, వివాహ నమోదు పత్రం, పెండింగ్‌లో ఉన్న దరఖాస్తుల రసీదులు, వీలుంటే మృతుని యజమాన్య సంస్థ ఇచ్చిన లేఖ వెంట ఉంచుకోవాలి. చెక్ఇన్ సామానులో వేస్తే కౌంటర్ వద్ద అందవు గనుక వీటిని చేతి సంచిలోనే పెట్టుకోవాలి. తెలుగు, తమిళ పత్రాలకు ధ్రువీకరించిన ఆంగ్ల అనువాదాలు ముందే చేయించుకోవాలి.