ఆదివారపు వంతు

దూరదర్శన్ ఆదివారాలను తలచుకునే వాళ్ళు ముందుగా రామాయణం గురించే చెబుతారు. 1987 జనవరి 25న మొదలైన రామానంద్ సాగర్ సీరియల్ మరుసటి ఏడు జూలై 31 దాకా నడిచింది. 1988 అక్టోబర్ 2 నుంచి 1990 జూన్ 24 దాకా ఆ ఆదివారం ఉదయాలను బి.ఆర్. చోప్రా మహాభారతం అందుకుంది. ఆ రెండింటి వెలుగులో ఆ రోజు మిగతా భాగం మరుగున పడిపోయింది. చరిత్రకారుడు అసలు చూడవలసింది ఆ మిగతా భాగాన్నే అని నా అభిప్రాయం. పొద్దున పురాణం, కాసేపటికి చరిత్ర, మధ్యాహ్నం వినికిడి లేనివారికి సైగలతో వార్తలు, ఆ తర్వాత ఏదో ఒక ప్రాంతీయ భాషా చిత్రం, సాయంత్రం మద్రాసు కేంద్రం వేసే తమిళ సినిమా. అన్నీ ఒకే తెర మీద వచ్చేవి. ఇది దానంతట అది కుదిరిన కలగలుపు కాదు. దేశమంతటికీ ఒకటే ఛానెల్ ఉన్నప్పుడు అందులో ఎవరి వంతు వాళ్ళకు దక్కాలన్న ఆలోచన, ఎంత అరకొరగానైనా, దాని వెనుక పనిచేసింది. మద్రాసు తెలుగువాళ్ళ వైపు నుంచి చూస్తే ఆ ఆలోచన విలువ స్పష్టంగా తెలుస్తుంది.

మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం మద్రాసు లేకుండా విడిపోయి ఇరవై రెండేళ్ళు. రాష్ట్రం విడిపోయినా తెలుగు సినిమా మాత్రం ఇంకా చాలావరకు వడపళని, కోడంబాక్కం స్టూడియోల్లోనే తయారవుతోంది. టి.నగర్ నుంచి జార్జ్ టౌన్ దాకా తెలుగు కుటుంబాలు ఉన్నాయి. కానీ కేంద్రం భాష తమిళం. 1982 ఆగస్టు 15న మొదలైన జాతీయ ప్రసారాల భాష హిందీ, ఇంగ్లీషు. తెలుగు బాధ్యత 1977లో ఆరంభమైన హైదరాబాద్ కేంద్రానిది. దాంతో తెలుగు సినిమాలు పుట్టే ఊళ్ళోనే ఇంటి టీవీలో తెలుగు వినాలంటే ఢిల్లీ నుంచి వచ్చే ఆదివారం మధ్యాహ్నపు సినిమా కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. అదీ వారం వారం కాదు. భాషలకు వంతులు నడిచేవి కాబట్టి తెలుగు వంతు రావడానికి నెలలు పట్టేది. వచ్చేవి కూడా ఎక్కువగా అవార్డు చిత్రాలే, కింద ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతో. అయినా ఆ నిరీక్షణ ఒక మేలు చేసింది. మన వంతు కాని ఆదివారాలు ఇతరులవి. అస్సామీ, ఒరియా, మలయాళం, మరాఠీ, కన్నడ సంసారాలు మన ముందుగదిలోకి వచ్చి కూర్చునేవి. సొంత రాష్ట్రం దాటి థియేటర్ దొరకని చిత్రాలకు దేశమంతటా ప్రేక్షకులు దొరికిన దారి అదొక్కటే.

వేరే ఛానెల్ లేక చూశారు, దాన్ని గొప్ప చేయడమెందుకు అని అడగవచ్చు. నిజమే, కానీ వేరే దారి లేకపోవడం జనం ఎందుకు చూశారో చెబుతుంది గాని, ప్రసారం ఎందుకు చేశారో చెప్పదు. దూరదర్శన్ 1976 జనవరి నుంచే వాణిజ్య ప్రకటనలు తీసుకుంటోంది. 1984 నాటి ‘హమ్ లోగ్’ సీరియల్‌తో స్పాన్సర్ల డబ్బు రుచి కూడా తెలిసింది. పోటీ లేని సంస్థ ఆదివారమంతా హిందీ పాటలతో, సినిమాలతో నింపి సొమ్ము చేసుకుంటే అడ్డు చెప్పేవారు లేరు. అయినా 1987లో బధిరుల వార్తలు మొదలయ్యాయి. ఏ ప్రకటనదారూ అడిగిన కార్యక్రమం కాదది. శ్యామ్ బెనెగల్ నెహ్రూ గ్రంథాన్ని ఆధారం చేసుకుని తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’ 53 భాగాలు ఆదివారాల్లోనే వచ్చాయి. చోళులకూ విజయనగరానికీ అందులో చోటుంది. టెలివిజన్ ఢిల్లీ చుట్టూనే తిరుగుతోందన్న విమర్శ, దూరదర్శన్ కార్యక్రమాలపై ప్రభుత్వమే వేసిన పి.సి. జోషి కమిటీ నివేదికలోనే ఉంది; అంటే ఆ లోటు తెలియనిది కాదు. కాబట్టి ఆ వంతులను కేవలం గత్యంతరం లేనితనంగా కొట్టిపారేయలేం.

హిందీ పెత్తనం గురించిన అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని తప్పించుకోకూడదు. 1986 చివర్లో తమిళనాడులో హిందీ వ్యతిరేక ఆందోళన రగిలింది. రాజ్యాంగంలోని భాషా భాగాన్ని తగలబెట్టినందుకు కరుణానిధి జైలుకు వెళ్ళారు, డి.ఎం.కె. శాసనసభ్యులు పదిమంది సభ్యత్వం పోగొట్టుకున్నారు. కొద్ది వారాలకే హిందీ రామాయణం మొదలైంది. మద్రాసు దాన్నీ చూసింది. కంబరామాయణమో మొల్ల రామాయణమో తెలిసిన ఇంటికి కథ అర్థం కావడానికి హిందీ రానక్కర్లేదు. దాన్ని హిందీకి ఒప్పుదలగా లెక్కగట్టడం అన్యాయం. ఆ సీరియల్ తర్వాతి మత రాజకీయాలకు దోవ వేసిందన్న మీడియా అధ్యయనకారుడు అరవింద్ రాజగోపాల్ వాదననూ తేలిగ్గా తీసుకోలేం. అయితే ఈ రెండు అభ్యంతరాలూ తగిలేది ఉదయానికి. మంచి వేళంతా హిందీకి ఇచ్చి, తక్కిన భాషలన్నిటినీ భోజనాలయ్యాక కునుకు పట్టే వేళకు నెట్టడం తప్పు. ఆ తప్పుకు విరుగుడు వంతులను పెంచి మంచి వేళకు తేవడం. వంతులనే ఎత్తేయడం కాదు.

జరిగింది మాత్రం ఎత్తేయడమే. 1993 ఏప్రిల్ 14న మద్రాసు (ఇప్పటి చెన్నై) నుంచి ప్రైవేటు ఛానెల్ సన్ టీవీ వచ్చింది. 1995లో అక్కడి నుంచే జెమిని, అదే ఏడు ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఈటీవీ వచ్చాయి. చెన్నై తెలుగువాళ్ళకు రోజూ తెలుగు దొరికింది. అది చిన్న లాభం కాదు, తమ భాష కోసం నెలలు కాచుకున్న వాళ్ళకు దాని విలువ తెలుసు. కానీ భాషకో ఛానెల్ అయ్యాక పక్కింటి భాష వినే అవసరం తీరిపోయింది. ప్రకటనల మార్కెట్ లేని మణిపురికీ, సంతాలీకీ ఆ లాభం అంతగా అందలేదు. 2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ వేసినప్పుడు కోట్ల మంది చూశారు. ఉదయపు సీరియల్ తిరిగొచ్చింది గాని, మధ్యాహ్నపు అస్సామీ సినిమా రాలేదు. రేటింగ్ వచ్చేదాన్ని గుర్తుపెట్టుకుని, రానిదాన్ని సంస్థే మరచిపోయింది. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి జాతీయ ఛానెల్ ఇప్పటికీ ఉంది. పలు భాషల చిత్రాలకు జాతీయ అవార్డులు వస్తూనే ఉన్నాయి. ఆదివారంలో ఒక మంచి వేళను మళ్ళీ వంతులకు ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.